రెండిళ్ల గూడబాతు

ఉదయం ఆరు గంటలు. చెరువు మీద మంచుతెర ఇంకా విడలేదు. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద తెల్లతెల్లగా ఏవో కనిపిస్తాయి. ఎవరో దుప్పట్లు ఆరేశారేమో అనుకుంటాం. కాస్త వెలుగొచ్చాక చూస్తే... కొమ్మకొమ్మకీ గూళ్లు, గూటిగూటికీ పక్షులు! అంతలో వాటిలోంచి ఒకటి బరువుగా రెక్కలు విప్పి పైకి లేస్తుంది. చెరువు చుట్టూ ఓసారి తిరిగి సముద్రం దిక్కుగా సాగిపోతుంది. ఎక్కడికో కాదు, పిల్లలకు తిండి తేవడానికి!

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో చలికాలమంతా ఇదే సందడి. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. సుమారు 459 హెక్టార్ల ఈ చోటుని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఓ పక్క చెరువు, మరోపక్క చిట్టడవి. రెండింటినీ కలుపుతూ, మొదలంటా నీళ్లలో మునిగినా చెక్కుచెదరని నీటి కడప చెట్లు.

నీళ్లే కాపలా

ఇక్కడి పెద్ద చుట్టం గూడబాతు. దీన్నే పెలికాన్ అంటారు. పొడవాటి ముక్కు కింద సంచిలా వేలాడే చర్మం దీని ప్రత్యేకత. పొలానికి గూడ వేసి నీళ్లు తోడినట్టు, ఆ సంచితో చేపల్ని నీళ్లతో సహా ఎత్తేస్తుంది. తర్వాత నీళ్లు వదిలేసి చేపల్ని మింగుతుంది.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గూడబాతు మన పక్షే. దక్షిణాదిలోనే నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి ఇక్కడ చలికాలం గడిపి వెళ్లిపోతాయి గానీ గూళ్లు పెట్టవు. గూళ్లు పెట్టేవి గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండితేనే వీటి కాపురం మొదలవుతుంది. చెట్ల కింద నీళ్లుంటే నక్కలూ అడవిపిల్లులూ గూళ్ల దాకా రాలేవు. వాన ముఖం చాటేసిన ఏడాది గూళ్లూ తగ్గిపోతాయి. గుడ్లు పొదగడానికి నెల రోజులు పడుతుంది. పిల్లలు ఎగరడానికి మరికొన్ని నెలలు! చెట్ల మీద వినిపించే గోలంతా ఈ పిల్లలదే. పెద్దవి దాదాపు నోరెత్తవు.

చెరువు కింద రైతుకీ ఈ చుట్టాలంటే ఇష్టమే. పక్షుల రెట్టల్లోని నత్రజని, భాస్వరం నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లు పారిన పొలానికి ఖర్చులేని ఎరువు దక్కినట్టే.

వంటిల్లు వేరేచోట

అన్ని వందల పిల్లల ఆకలి తీర్చే చేపలు ఒక్క చెరువులో ఎలా దొరుకుతాయి? అందుకే పెద్దపక్షులు రోజూ ఇరవై కిలోమీటర్ల దూరంలోని పులికాట్ దాకా వెళ్తాయి. చిలికా తర్వాత మనదేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు అది. అంటే నేలపట్టు ఈ పక్షులకు పురిటిల్లయితే, పులికాట్ వంటిల్లు!

ఆ వంటింటికి తలుపులు సముద్రపు ముఖద్వారాలే. కొత్తనీరూ, చేపపిల్లలూ, రొయ్యపిల్లలూ వాటిగుండానే లోపలికొస్తాయి. రాయదొరువు లాంటి చోట్ల ఏళ్లుగా ఇసుక మేటలు వేసి ఆ దారి మూసుకుపోతూ వచ్చింది. దాంతో వేసవిలో సరస్సు ఉత్తరభాగం చాలావరకు ఎండి బీటలు వారుతుంది. వల వేసే జాలరికీ, ఆకాశంలోంచి దిగే పక్షికీ కష్టం ఒక్కటే.

చెట్లే లేకపోతే ఇనుప స్టాండ్లయినా పాతొచ్చు. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో అటవీశాఖ అదే చేసింది. గూడబాతులు వాటిమీద హాయిగా గూళ్లు పెట్టాయి కూడా. కానీ ఎండిన సరస్సుకి బదులుగా ఏం పెట్టగలం? నేలపట్టు చుట్టూ ఎంత మంచి కంచె వేసినా, ఇక్కడి పిల్లల ప్రాణం పులికాట్ నీళ్లలోనే ఉంది.

వెళ్లాలనుకుంటే...

చెన్నై-కోల్‌కతా హైవేలో నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. రైల్లో వచ్చేవాళ్లు సూళ్లూరుపేటలో దిగొచ్చు. నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. పిల్లలకు చూపించడానికి పర్యావరణ కేంద్రం, పైనుంచి చూడటానికి వాచ్‌టవర్ ఉన్నాయి. బైనాక్యులర్ మర్చిపోవద్దు. ముదురు రంగుల బట్టలూ, కేకలూ, పాటలూ వద్దు. బెదిరిన తల్లి గూడు వదిలి లేస్తే ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

అదేరోజు మధ్యాహ్నం శ్రీహరికోట దారి పట్టండి. సూళ్లూరుపేట నుంచి వెళ్లే ఆ రోడ్డు పులికాట్ మధ్యలోంచే సాగుతుంది. నీళ్లున్న కాలంలో ఇరువైపులా ఫ్లెమింగోలు బారులు తీరి కనిపిస్తాయి. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో ఫ్లెమింగో పండగ మళ్లీ జరిగింది. పక్షుల్ని తీరిగ్గా చూడాలంటే మాత్రం పండగరోజులు కాక వేరే రోజులే మేలు.

సాయంత్రానికల్లా మళ్లీ నేలపట్టు చేరితే ఇంకో దృశ్యం. పొద్దున వెళ్లిన పక్షులు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. అన్ని గూళ్లలోనూ తన గూడేదో వెతుక్కోకుండానే దిగుతాయి. తల్లి నోరు తెరవడమే ఆలస్యం, పిల్ల తన తలంతా ఆ సంచిలోకి దూర్చేస్తుంది. దానికి దొరికిన చేప... పొద్దున పులికాట్‌లో ఈదిన చేపే!