నిమిత్తాన్ని చూడడం, నిమిత్తం కావడం

భగవద్గీతలో ‘నిమిత్త’ శబ్దం రెండు ప్రసిద్ధ సందర్భాలలో కనబడుతుంది. ప్రథమాధ్యాయంలో అర్జునుడు, గాండీవం చేతినుండి జారుతోందని చెప్పిన నోటితోనే, తనకు విపరీత నిమిత్తాలు గోచరిస్తున్నాయని అంటాడు. అక్కడ నిమిత్తమంటే శకునం, రాబోయేదానిని ముందుగా తెలిపే చిహ్నం. ఏకాదశాధ్యాయంలో శ్రీకృష్ణుడు అదే అర్జునుణ్ణి నిమిత్తమాత్రుడవు కమ్మని ఆదేశిస్తాడు. ఇక్కడ నిమిత్తమంటే కార్యానికి ఉపకరణమైన కారణం. శకునాలను చూచి కృంగినవాడు కార్యానికి కారణంగా నిలబడడానికి మధ్యలో గీతోపదేశమంతా జరగవలసి వచ్చింది. ఈ రెండర్థాల నడుమ ఉన్న దూరం ఎంతటిదో గత వసంతకాలంలో మా కుటుంబంలోని ఒక విద్యార్థిని విషయంలో నాకు ప్రత్యక్షంగా బోధపడింది.

మా తమ్ముడు కర్నూలు జిల్లా కల్లూరు నుండి కాలిఫోర్నియా వెళ్ళి స్థిరపడి చాలాకాలమైంది. అతని కుమార్తె అక్కడి ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలోకి బదిలీ ప్రవేశం కోరింది. ఈ మార్గం మనవారికి అంతగా పరిచితం కాదు గనుక కొంత వివరించాలి. 1960లో ఆ రాష్ట్రం రూపొందించుకొన్న ఉన్నతవిద్యా ప్రణాళిక అక్కడి ప్రభుత్వవిద్యను మూడు శ్రేణులుగా విభజించింది. కమ్యూనిటీ కాలేజీలో చదివినవారు పైశ్రేణుల్లోకి మారడానికి ఆ ప్రణాళికలో దారి ఉంది. కాలేజీలో రాష్ట్రవాసులకు ఒక్కొక్క యూనిట్‌కు రుసుము 46 డాలర్లు మాత్రమే. సెమిస్టరు పద్ధతిలో 60 యూనిట్లు, క్వార్టరు పద్ధతిలో అయితే 90 యూనిట్లు పూర్తిచేసికొన్నవారు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రాంగణాలకు దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీ చదువులున్న తొమ్మిది ప్రాంగణాలలో ఆరు, నిర్ణీతమైన మార్కులూ పాఠ్యాంశాలూ ఉన్నవారికి ముందుగానే హామీ ఇస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, సాన్ డియాగో ప్రాంగణాలలో ఆ హామీ లేదు.

నవంబరు ముగిసేసరికి దరఖాస్తు పంపాలి. జనవరిలో తాజా మార్కుల వివరం సమర్పించాలి. నిర్ణయాలు ఏప్రిల్ ముగిసేలోగా వెలువడతాయి. ఈ నడిమి కాలంలో విద్యార్థి చేయగలిగినది, చదువుతున్న పాఠాలను చదువుతూ ఉండడమే. మనస్సుకు అది అతిదుష్కరం.

మార్చి మాసం నుండి మా అమ్మాయి ఫోను చేయని వారం లేదు. అక్కడ రాత్రి తొమ్మిది గంటలైతే ఇక్కడ మరునాటి ఉదయం తొమ్మిదిన్నర. “పెద్దనాయనా, ఈరోజు పోర్టల్‌లో ఆర్థిక సహాయమనే గడి కొత్తగా కనబడింది. స్నేహితురాలికి అందులో అంకెలున్నాయి, నాకు ఖాళీగా ఉంది. అంటే నన్ను తిరస్కరించినట్లేనా?” అని ఒకనాడు. “వసతిగృహాల లంకె తెరుచుకొంటోంది, కాబట్టి చేర్చుకొన్నట్లేనా?” అని మరొకనాడు. పిల్లలందరూ ఒకరి తెరను ఒకరు చూచుకొంటూ, ఏ గడి మారితే ఏ ఫలమో ఒక శాస్త్రమే అల్లుకొన్నారు.

ఇక్కడ కల్లూరులో మా అమ్మకు తన శాస్త్రం తనకుంది. మనుమరాలి పేరెత్తినపుడు గోడమీద బల్లి పలికిన దిక్కును గమనిస్తుంది. ఉగాదినాడు పంచాంగశ్రవణంలో ఆ పిల్ల రాశికి రాజపూజ్యమెంతో, అవమానమెంతో వేళ్ళమీద లెక్కించుకొంది. చౌడేశ్వరీదేవి గుడి చుట్టూ బురదలో ఎద్దుల బండ్లు, గాడిదలు ప్రదక్షిణం చేసే మా ఊరి ఉగాది సంబరంలో నిలబడి మొక్కుకొంది. “మా అవ్వ బల్లిని చూస్తుందా!” అని మనుమరాలు నవ్వింది. నాకు మాత్రం ఇద్దరూ చేస్తున్న పని ఒకటిగానే తోచింది. ఇద్దరిలోనూ పిల్ల భవిష్యత్తుపట్ల ఆర్తి ఉంది. ఒకరు గోడను చదువుతున్నారు, ఒకరు తెరను చదువుతున్నారు.

ఇటువంటి చిహ్నాలను పరీక్షించే పద్ధతిని మన న్యాయశాస్త్రం చక్కగా అమర్చిపెట్టింది. చిహ్నాన్ని నైయాయికులు లింగమంటారు. పొగను చూచి నిప్పును ఊహించడానికి ఆధారం, ఆ రెండింటికీ ఉన్న నియతసాహచర్యం. దానికే వ్యాప్తి అని పేరు. వ్యాప్తి లేనిది లింగం కాజాలదు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో హేత్వాభాసాలను, అనగా హేతువులవలె కనబడే దోషాలను, ఐదింటిని పేర్కొన్నాడు. మా అమ్మాయి చెప్పిన చిహ్నాలలో అందులోని రెండు స్పష్టంగా ఉన్నాయి. సాధ్యం లేని చోట కూడ ఉండే హేతువు సవ్యభిచారం. వసతిగృహాల లంకె దరఖాస్తుదారులందరికీ తెరుచుకొనేదైతే అది ఎవరి ప్రవేశాన్నీ సూచించదు. ఒక హేతువు సాధించిన దానికి విరుద్ధమైన దానిని మరొక హేతువు సాధించబూనితే అది సత్ప్రతిపక్షం. ఖాళీ గడి తిరస్కారాన్నీ, వసతి లంకె స్వీకారాన్నీ చెబుతున్నాయనుకొంటే, ఆ రెండూ ఒకదాని నోరు మరొకటి మూయిస్తాయి.

ఇంకొక సూక్ష్మవిషయం ఉపాధి. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందని చెప్పడానికి వీల్లేదు, కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకు కావలసినది తడికట్టెల సంయోగం. పైకి కనబడని ఆ నియమమే ఉపాధి. స్నేహితురాలి గడిలో అంకెలుండడానికి కారణం, ఆమె సహాయపత్రాల పరిశీలన ముందుగా పూర్తికావడం కావచ్చు. ప్రవేశనిర్ణయానికీ దానికీ సంబంధమే ఉండకపోవచ్చు. అమ్మాయిని నేనడిగిన ప్రశ్న ఇంతే: “అమ్మా, గడి ఖాళీగా ఉండి కూడ ప్రవేశం దొరికినవారు నిరుడు ఒక్కరైనా లేరా?” విచారించి, ఉన్నారని చెప్పింది. ఆ ఒక్క ఉదాహరణతో వ్యాప్తి భగ్నమైంది.

ప్రత్యక్షంగా వచ్చిన లేఖ సంగతేమిటని ఎవరైనా అడుగవచ్చు. శబ్దప్రమాణానికి లక్షణం ఆప్తవాక్యం కావడం. 2009 మార్చిలో సాన్ డియాగో ప్రాంగణం నుండి, అప్పటికే తిరస్కృతులైన సుమారు 28,000 మంది దరఖాస్తుదారులకు అభినందనల ఈమెయిల్ పొరపాటున వెళ్ళింది. ఎంపికైనవారి కోసం వ్రాసిన మాట అందరికీ చేరింది, వెంటనే క్షమాపణ కూడ వెళ్ళింది. స్వాగతవాక్యమే పొరపాటుగా రాగలిగినపుడు, గడిలోని శూన్యానికి వాక్యమంత గౌరవమివ్వడం ఎట్లా యుక్తం?

చిహ్నాలన్నీ వ్యర్థమని నా అభిప్రాయం కాదు. మా సీమ రైతు మబ్బును చూస్తాడు, కార్తెను లెక్కిస్తాడు, గాలి ఏ దిక్కునుండి తిరిగిందో గమనిస్తాడు. విత్తనం వేయడానికి మాత్రం ఇవి చాలవు. వానవెలిసిన తరువాత చేనిలోకి దిగి పిడికెడు మన్ను తీసి నలిపి, పదును చిక్కిందో లేదో చూస్తాడు. మబ్బు వానను సూచించవచ్చు, సూచించకనూ పోవచ్చు. మొలకకు పదును సాక్షాత్కారణం. మబ్బును చూచి వేరుశనగ విత్తినవాడు విత్తనమూ పోగొట్టుకొంటాడు, అప్పూ మిగుల్చుకొంటాడు. పదునును పరీక్షించే చేతికి న్యాయశాస్త్రం తెలియకపోవచ్చు, వ్యాప్తి మాత్రం తెలుసు.

అసలైన అపాయం ఏప్రిల్ రెండవ వారంలో ఎదురైంది. ఖాళీ గడి తిరస్కారమేనని అమ్మాయి మనస్సులో స్థిరపడిపోయింది. అప్పటికి ఆమె ఒక కఠినమైన గణితపాఠం చదువుతూ ఉంది. “ఎలాగూ రాదు పెద్దనాయనా, ఆ పాఠం వదిలేస్తాను. హామీ ఉన్న చోటికి వెళ్ళడానికి ఇంత కష్టమెందుకు?” అంది. అక్కడి ప్రవేశాలన్నీ షరతులకు లోబడినవే. దరఖాస్తులో చూపిన పాఠాలను వసంతకాలం ముగిసేలోగా తగిన మార్కులతో పూర్తిచేయాలి, ఏదైనా మారిస్తే విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. హామీకి సైతం ఈ నియమం తప్పదు. ఆ పాఠం వదిలితే కోరిన ప్రాంగణమూ దక్కదు, నిశ్చయమనుకొన్నదీ చేజారవచ్చు.

ఇక్కడ ‘నిమిత్త’ శబ్దపు రెండర్థాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఖాళీ గడికి భవిష్యత్తును తెలిపే శక్తి లేదు. దానిని నమ్మి పాఠం విడిచిపెడితే మాత్రం భవిష్యత్తును చెడగొట్టే శక్తి దానికి వస్తుంది. శకునంగా అది అసత్యం, కారణంగా సత్యమైపోతుంది. తరువాత తిరస్కారం వచ్చినపుడు “చూశారా, ఆనాడే తెలిసింది” అని దానికే సాక్ష్యం కూడ చెబుతాము. శకునాలలో చాలవాటికి కీర్తి ఈ విధంగానే వచ్చి ఉంటుందని నా విశ్వాసం.

శ్రీకృష్ణుడు అర్జునుని విపరీత నిమిత్తాలను గురించి గీతలో ఎక్కడా చర్చించలేదు. అవి నిజమని అనలేదు, అబద్ధమనీ అనలేదు. చేయవలసినదానివైపు అతనిని తిప్పాడు. నేనూ అమ్మాయితో ప్రవేశం వస్తుందని చెప్పలేదు, అట్లా చెబితే నేను మరొక బల్లినే అవుతాను. “గడిలో ఏముందో నీ చేతిలో లేదు, గణితం నీ చేతిలో ఉంది. ఈ మూడు వారాలు పోర్టల్‌ను ఆదివారం ఒక్కమారు చూడు, తక్కిన దినాలలో లెక్కలు చెయ్యి” అన్నాను. “మరి ఈ సందేహంతో ఎలా ఉండేది?” అని అడిగింది. గౌతముని న్యాయసూత్రాలలో పదహారు పదార్థాలు చెప్పబడ్డాయి, వాటిలో సంశయం మూడవది. సంశయాన్ని దోషాల జాబితాలో పడవేయక పదార్థంగా అంగీకరించారు, ఎందుకంటే విచారణ అక్కడినుండి మొదలవుతుంది. చీకటిలో కనబడేది మొద్దో మనిషో తెలియనపుడు, తెల్లవారేదాకా “తెలియదు” అని ఉండగలగడం కూడ జ్ఞానమర్యాదయే. తొందరపడి మొద్దును మనిషి అనడం కన్న ఆ సంశయమే సత్యానికి సమీపంగా ఉంటుంది. ఈ మాటలు చెప్పినపుడు అమ్మాయి కొంతసేపు మౌనంగా ఉండి, “సరే, ఆదివారమే చూస్తాను” అంది.

ఏప్రిల్ చివర నిర్ణయాలు వచ్చాయి. ఆమె ఆశపెట్టుకొన్న ప్రాంగణం తిరస్కరించింది. గడిలో అంకెలున్న స్నేహితురాలినీ అక్కడే తిరస్కరించారు. గడి ఖాళీగా ఉన్న మరొక సహాధ్యాయికి ప్రవేశం లభించింది. హామీ ఉన్న ప్రాంగణం మా అమ్మాయిని ఆహ్వానించింది. జూన్ ఒకటవ తేదీ గడువులోపల ఆమె అంగీకారం తెలిపింది. ఒకటి రెండు రోజులు ఏడ్చిందని మా తమ్ముడు చెప్పాడు. ఆ దుఃఖం న్యాయమైనదే, దానిని తర్కంతో మాన్పాలని నేను ప్రయత్నించలేదు. గణితపాఠం మాత్రం పూర్తయింది, ఆ మార్కుతోనే ఆహ్వానపు షరతు నెరవేరింది.

మా అమ్మకు ఈ వార్త చెప్పినపుడు మనుమరాలికి సీటు వచ్చిందా లేదా అని మాత్రమే అడిగింది. వచ్చిందన్నాను. చౌడమ్మకు మొక్కు తీర్చాలని కొబ్బరికాయలు తెప్పించింది.