ఇరవై ఒకటో నంబరు

2002 జనవరి 6, ఆదివారం. కద్మా, జంషెడ్‌పూర్

రాత్రి పదకొండు దాటాక ఫోను నాది. మోడెమ్ కీచుమని, గరగరలాడి, లైను కలిసింది. మెయిళ్లు దిగుతున్నాయి. లాగ్ ఫైల్లో మాత్రం మళ్లీ అదే: "కాంట్ లొకేట్ మాడ్యూల్ పీపీపీ-కంప్రెస్-21". దాని కింద 26, ఆ కింద 24. కొత్త లినక్స్ ఎక్కించిన దగ్గర్నుంచీ ఈ మూడూ తప్పడం లేదు.

జనవరి 8

పాస్‌వర్డు మళ్లీ కొట్టాను. పోర్టు వేగం 115200 నుంచి 57600కి దించాను. మూడు వరసలూ కదల్లేదు. మెయిలు రావడమూ ఆగలేదు. ముందు చూడాల్సింది ఈ రెండో సంగతిని.

జనవరి 14, సంక్రాంతి

బిష్టుపూర్ రామమందిరానికి వెళ్లొచ్చాం. దారిలో మామ్మ గుర్తొచ్చింది. శ్రీకాకుళం నుంచి మొదటిసారి వచ్చిన రాత్రి ఆకాశం ఎర్రబడితే, "ఒరే, ఎక్కడో కొంపలంటుకున్నాయిరా!" అని అందర్నీ లేపేసింది. "ఫ్యాక్టరీలో స్లాగు పోస్తున్నారమ్మా, పడుకో" అని నాన్న అటు తిరిగి పడుకున్నారు. మామ్మ తెల్లారేదాకా కిటికీ వదల్లేదు. వెలుగు నిజమే కదా మరి.

జనవరి 17

తెలిసింది! లైను కలిశాక, డేటాను ఎలా కుదించి పంపుకోవాలో అటు మిషనూ ఇటు మిషనూ మాట్లాడుకుంటాయి. 21 అంటే బీఎస్‌డీ పద్ధతి. 26 డిఫ్లేట్, 24 దానికే పాత నంబరు. వీటిలో ఏవి చేతనవుతాయని, లైను నడిపే పీపీపీడీ ప్రోగ్రాము కెర్నెల్‌ని అడుగుతుంది, కెర్నెల్ మోడ్‌ప్రోబ్ చేత వెతికిస్తుంది. దొరక్కపోతే కుదించకుండానే పంపుకుంటాయి. మోడెములు వి.42బిస్‌తో ఎలాగూ కుదిస్తున్నాయి కనుక పెద్దగా పోయేదేమీ లేదు.

ఆశ్చర్యమేమిటంటే ఆ మాడ్యూళ్లు నా డిస్కులోనే ఉన్నాయి, బీఎస్‌డీ_కాంప్, పీపీపీ_డిఫ్లేట్ అనే పేర్లతో. మా వీధిలో అందరికీ తెలిసిన మనిషి గురించే గేటు పాసు నంబరు చెప్పి అడిగితే ఎవరు చూపించగలరు?

జనవరి 20

మాడ్యూల్స్.కాన్ఫ్ ఫైల్లో మూడు ఏలియాస్ వరసలు రాశాను. 21కి మొదటి పేరు, 24కీ 26కీ రెండోది. లాగ్ శుభ్రపడింది.

శుభ్రపడ్డాకే ఇంకో వరస కంటబడింది: "ఎల్‌సీపీ: టైమవుట్ సెండింగ్ కాన్ఫిగ్-రిక్వెస్ట్స్". అవతలి నుంచి జవాబే లేదని దీని అర్థం. మొన్న ఒక రాత్రి మెయిలు వెళ్లలేదు. ఆ రాత్రి లాగ్‌లో ఇదీ ఉంది. ఆ మూడింటి మీద పడి దీన్ని చదవనే లేదు. ఇందుకైనా ఆ మూడు ఏలియాస్ వరసలు రాసుకోవాలి.

జనవరి 27

సోనారీ నుంచి ఒక కుర్రాడి ఫోను. "అన్నా, 21 దొరకలేదంటోంది. మోడెమ్ పోయిందా?"

"మెయిలు వస్తోందా?"

"నీకు ఫోను చేద్దామని ఇప్పుడే కట్ చేశాను. అప్పటిదాకా వస్తూనే ఉంది."

కాగితం తెచ్చుకోమన్నాను. మూడు వరసలూ అక్షరం అక్షరం చెప్పాను. అండర్‌స్కోర్ ఎక్కడుందో రెండుసార్లు అడిగాడు.