మాట్లాడనందుకు పోయిన మార్కులు

మా మనవరాలికి మార్కులు తగ్గాయి. మాటుంగా పోదార్ కాలేజీలో బి.కాం. మొదటి తరగతిలో ప్యాసై, బ్యాంకులో అప్పు తీసుకుని, వ్యాపారవిద్య చదవడానికి ఫ్రాన్సు దేశం వెళ్ళిన పిల్ల అది. లెక్కల్లో తగ్గాయా అంటే కాదు. లెక్కల్లో దానిదే పైచేయి. తరగతిలో నోరు విప్పలేదని తగ్గాయట. డెబ్బైయేళ్ళు దాటిన నాకు ఇది వింతగా తోచింది. మా రోజుల్లో నోరు విప్పినందుకు దెబ్బలు పడేవి గాని, విప్పనందుకు మార్కులు పోవడం ఎక్కడా వినలేదు.

వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు విడమరిచి చెప్పింది. అక్కడ పాఠమంటే మాస్టారు చెప్పడమూ పిల్లలు రాసుకోవడమూ కాదు. ఏదో ఒక కంపెనీకి వచ్చిన చిక్కును పది పదిహేను పేజీల్లో అచ్చువేసి ముందురోజే ఇస్తారు. మర్నాడు తరగతిలో, “ఆ కంపెనీ నీదైతే ఏం చేస్తావు?” అని మాస్టారు ఎవరినో ఒకరిని అడుగుతాడు. ఇక ఎవరికి తోచింది వారు చెప్పాలి. ఒకరినొకరు ఖండించాలి. అవసరమైతే మాస్టారినీ ఖండించాలి! 1908లో మొదలైన హార్వర్డు బిజినెస్ స్కూలు పెంచి పెద్దచేసిన పద్ధతి ఇది. అక్కడ చాలా పాఠాల్లో సగం దాకా మార్కులు తరగతిలో మాట్లాడినదానికేనట. ఆ మాటకొస్తే మన దేశానికీ ఇది కొత్త కాదు. 1961లో అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. పుట్టినప్పుడు హార్వర్డువారి సహకారంతో ఇక్కడికీ వచ్చింది. మా కామాఠీపురా గల్లీల దాకా మాత్రం రాలేదు.

“తెలియకనా బిడ్డా, మాట్లాడంది?”

“తెలుసు తాతా. మాస్టారు బోర్డు మీద వేసిన లాభం లెక్కలో ఒక అంకె తప్పని కూడా తెలుసు. ఎట్లా చెప్పను, అంత పెద్దాయనకు?”

“మరి ఎవరూ చెప్పలేదా?”

“పక్కనున్న హాలెండు పిల్లవాడు చెప్పాడు. కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. మాస్టారు థాంక్స్ చెప్పి తుడిచి సరిచేశాడు. వాడికి మార్కు పడ్డది.”

నాకు ఎక్కడో గుచ్చుకున్నట్టయింది. పెద్దల మధ్య నోరెత్తకూడదని దానికి నేర్పినవాణ్ణి నేనే. నాకు నేర్పింది మా చాల్. ఈ బొంబాయిలో ఇళ్ళూ రోడ్లూ కట్టడానికి తెలుగుదేశం నుండి వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా వెలసింది. మా నాన్న మేస్త్రీ చేతికింద పని చేసేవాడు. మేస్త్రీ మాటకు ఎదురు చెప్పిన కూలికి మర్నాడు పని ఉండదు. పైగా ఒక్క ఖోలీలో తొమ్మిదిమందిమి. పక్క ఖోలీలో మిల్లులో రాత్రిపాళీ చేసి వచ్చి పగలు పడుకునేవాళ్ళు. పిల్లలు గట్టిగా మాట్లాడితే ఒకరి నిద్ర పోతుంది, నిద్ర పోతే మగ్గం దగ్గర వేలు పోతుంది. మౌనం మాకు మర్యాద కాకముందే అవసరం.

అలాగని మావాళ్ళు మూగవాళ్ళని అనుకునేరు. నెలకోసారి భిశీ పాట జరిగే రాత్రి మా చాల్‌కు వచ్చి వినాల్సింది. ఆఫీసులో సేటు ముందు తల వంచుకుని నిలబడే మనిషే అక్కడ చీటీ సొమ్ము కోసం గొంతు చించుకుని పాడేవాడు, వడ్డీ లెక్క నోటితోనే కట్టేవాడు, ఎదుటివాడి లెక్కలో అణా తప్పితే పట్టుకునేవాడు. అక్కడ అందరూ సమానమే మరి.

ఒక్కొక్క దేశం పిల్లలు ఒక్కొక్క తీరట. మా మనవరాలు తన పుస్తకంలో ఉన్న ఒక సంగతి చెప్పింది. ఫ్రాన్సులోనే ఫాంటెన్‌బ్లో ఊళ్ళో ఇన్‌సియాడ్ అనే పెద్ద వ్యాపార విద్యాలయం ఉంది. 1970ల్లో అక్కడ పాఠం చెప్పిన స్టీవెన్స్ అనే అమెరికన్ ఆచార్యుడు తన విద్యార్థులకు పరీక్షలో ఒక చిక్కు ఇచ్చాడు: ఒక కంపెనీలో రెండు శాఖల అధిపతులకు పడడం లేదు, కారణమేమిటి, ఏం చేయాలి? ఫ్రెంచివాళ్ళలో ఎక్కువమంది, ఇది పై అధికారి అశ్రద్ధ, తగవు ఆయన ముందు పెడితే ఆజ్ఞ ఇస్తాడు అన్నారు. జర్మన్లు, ఎవరి పని ఏదో రాసిపెట్టలేదు గనుక ఇదంతా వచ్చింది, నియమాలు రాయండి అన్నారు. ఇంగ్లీషువాళ్ళు, ఇద్దరికీ మాట్లాడుకోవడం చేతకాదు, శిక్షణకు పంపండి అన్నారు. చదివింది ఒకటే పాఠం, కూర్చున్నది ఒకటే తరగతి!

ఇదే ప్రశ్న నేను ఫైవ్ గార్డెన్స్‌లో మా సాయంకాలపు బెంచీ మీద వేశాను. నలుగురం ఉన్నాం, నలుగురం పెన్షనర్లమే. మొదటాయన, “ముందు ఇద్దరిలో ఎవరు వయసులో పెద్ద?” అన్నాడు. రెండవ ఆయన, “యజమాని దాకా ఎందుకండీ, ఇద్దరికీ కావలసిన ఒక పెద్దమనిషిని చూసి, ఆయన ఇంట్లో చాయ్ తాగించాలి,” అన్నాడు. మూడవ ఆయన నవ్వి, “సేటుగారి తల్లి ఉందా?” అన్నాడు. ఆఫీసును ఇల్లుగా చూడడం మావాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ రెండవ ఆయనే కాసేపాగి, తరగతిలో లేచి మాట్లాడడం మన రక్తంలోనే లేదండీ అన్నాడు. ఈ మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. హిందూ కాలనీలో రాజగృహ ముందునుంచి రోజూ నడిచివచ్చే మనుషులం మేము. ఆ ఇల్లు కట్టించుకున్న అంబేడ్కర్ గారు పరేల్ చాల్‌లో ఒక్క గదిలో ఉండి చదువుకున్నవారు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడి ఎదుట, తోటి విద్యార్థుల ఎదుట, ఈ దేశపు కులాల మీద తన వ్యాసం చదివి వినిపించారు. తిరిగి వచ్చి 1918 నుండి 1920 దాకా మన సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పారు. రక్తం మాట ఎత్తకండి అన్నాను.

రక్తం కాకపోతే ఏమిటి? దీనికి జవాబూ మనవరాలి పుస్తకంలోనే దొరికింది. ఆ విద్యాలయానికి శిక్షణ కోసం వచ్చిన వివిధ దేశాల మేనేజర్లను లోరాన్ అనే ఆచార్యుడు ఒక మాట అడిగి, ఫలితాలు 1983లో ప్రకటించాడు. కింది ఉద్యోగి అడగగల ప్రశ్నల్లో చాలావాటికి పై అధికారి దగ్గర కచ్చితమైన జవాబు సిద్ధంగా ఉండాలా, అక్కరలేదా? ఉండాలన్నవారు స్వీడన్‌లో నూటికి 10, అమెరికాలో 18, ఫ్రాన్సులో 53, జపానులో 78. ఇది చదివాక నాకు కాస్త తేటపడింది. పెద్దవాడికి అన్నీ తెలిసి తీరాలని నమ్మే ఇంట్లో, ప్రశ్న అడగడమంటే ఆయన చొక్కా పట్టుకున్నట్టే. తెలియకపోవడం తప్పు కాదనుకునే చోట ప్రశ్న ఉత్త ప్రశ్న. మా మనవరాలి తరగతిలో జపాను పిల్లవాడు కూడా దానిలాగే మౌనంగా కూర్చునేవాడట.

ఇక్కడిదాకా మనవరాలు చెప్పింది. తరువాతది నేను దానికి చెప్పవలసి వచ్చింది.

1974లో నేను కాల్బాదేవిలో ఒక బట్టల కంపెనీలో చిన్న గుమాస్తాను. హెడ్‌గుమాస్తాగారు నాకు పని నేర్పిన గురువు, తన డబ్బాలోని రొట్టెలో సగం నాకు పెట్టిన మనిషి. సంవత్సరాంతపు లెక్కలు ముగిస్తూ, గోదాములో మిగిలిన సరుకు జాబితాలో 48,600 రూపాయలుంటే ఆయన 46,800 అని ఎక్కించారు. నకలు రాస్తున్న నా కంట అది పడింది. ట్రయల్ బ్యాలెన్సులో ముగింపు సరుకు చేరదు గనుక అది చక్కగా సరితూగింది. చెబుదామని రెండుసార్లు ఆయన బల్ల దాకా వెళ్ళాను. రెండోసారి ఆయన తలెత్తి “ఏమిటి?” అన్నారు. “ఏం లేదు సార్” అని, కుండలో మంచినీళ్ళు తాగి నా చోటికి వచ్చేశాను.

ఆడిటరు పట్టుకున్నాడు. తేడా 1,800. తొమ్మిదితో శేషం లేకుండా పోయే తేడా వస్తే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడమని మొదటి ఏడాదే నేర్పుతారు. ఆయనకు క్షణంలో అర్థమైంది. యజమానికి కాలేదు. కాగితం మీద తగ్గించిన సరుకు ఎవరింటికి పోయిందయ్యా అన్నాడు, పదిమంది ఎదుట. హెడ్‌గుమాస్తాగారు ఎదురు మాట్లాడలేదు. ఆయనా మా బోటి ఇంట్లో పెరిగినవారే. మర్నాటి నుండి పనికి రాలేదు.

నెలరోజుల తరువాత జీతం బాకీ కోసం వచ్చి మెట్ల మీద నన్ను ఆపారు. “నకలు నువ్వే కదా రాసింది, చూడలేదా?” అన్నారు. “చూశాను సార్” అన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి, ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయనను నేను చూడలేదు.

మనవరాలు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “ఇన్నేళ్ళూ అమ్మమ్మకు కూడా ఎందుకు చెప్పలేదు తాతా?” అంది.

“ఎవరూ అడగలేదు బిడ్డా,” అన్నాను.

సెలవులు కాగానే వెళ్ళిపోయింది. మొన్న ఆదివారం ఫోను చేసింది. ఆ వారం తరగతిలో రెండుసార్లు మాట్లాడిందట. ఒకసారి తప్పు చెప్పిందట.

“ఎవరేమన్నారు?” అన్నాను, నా గుండె గబగబా కొట్టుకుంటూ ఉంది.

“ఎవరేమంటారు తాతా? హాలెండు పిల్లవాడు కాదన్నాడు. మళ్ళీ లెక్క వేసి చూసుకున్న. వాడిదే రైటు.”