తుప్పు కోసమే ఓ తీరం

సముద్రతీరానికి ఎందుకెళతాం? అలల్లో ఆడుకోవడానికి, కాస్త చల్లగాలి పీల్చుకోవడానికి. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్న క్యూర్ బీచ్‌కి మాత్రం లోహపు రేకులు కూడా వెళ్లాయి... తుప్పు పట్టించుకోవడానికి!

ఒకవైపు అట్లాంటిక్ మహాసముద్రం, మరోవైపు కేప్ ఫియర్ నది. మధ్యలో సన్నటి ఇసుక నేల. అక్కడే ఉంది ఈ చిన్న ఊరు. 1930ల్లో ఇక్కడ సముద్రపు నీటి నుంచి బ్రోమిన్ తీసే కర్మాగారం వెలిసింది. రాత్రింబవళ్లు ఉప్పునీరు తోడాలంటే పంపులు, గొట్టాలు తట్టుకోవాలి కదా! ఏ లోహం ఎన్నాళ్లు ఆగుతుందో తేల్చడానికి 1935లో పరీక్షలు మొదలయ్యాయి. వాటిని నడిపించినవారు నికెల్ కంపెనీ నిపుణుడు ఫ్రాన్సిస్ లాక్యూ. కొన్ని రేకుల్ని నీళ్లలో ముంచారు. మరికొన్నింటిని ఒడ్డున వరసగా నిలబెట్టి ఉప్పుగాలికి వదిలేశారు. సముద్రానికి 80 అడుగుల దూరంలో పెట్టిన ఉక్కు, 800 అడుగుల దూరంలోని ఉక్కు కన్నా పది రెట్లకు పైగా వేగంగా తుప్పు పట్టింది!

రాగి, నికెల్ కలిసిన లోహాల తీరే వేరు. మన పాత రెండు రూపాయల బిళ్ల గుర్తుందా? 75 పాళ్లు రాగి, 25 పాళ్లు నికెల్. ఆ కుటుంబానికి చెందినవే ఇవీ. సముద్రపు నీరు తగలగానే వీటి మీద పల్చటి పొర ఏర్పడుతుంది. అది గట్టిపడేకొద్దీ లోహం అరగడం తగ్గిపోతుంది. రాగి పాలు ఎక్కువుంటే నాచు, ఓడల అడుగున పట్టే గవ్వపురుగులు కూడా తేలిగ్గా అంటుకోవు. మూడింట రెండొంతులు నికెల్ ఉండే 'మోనెల్' అయితే పారే నీటిలో మొండిఘటం. నిలవ నీటిలో మాత్రం దాని ఒంటి మీదా గుంటలు పడతాయి.

అంత మంచి లోహమూ ఓ ఓడను ముంచినంత పని చేసింది. 1915లో బోస్టన్ దగ్గర ఓ సంపన్నుడి కోసం 'సీ కాల్' అనే విహార నౌకను కట్టారు. తుప్పు బెడద ఉండకూడదని పైన మోనెల్ రేకులు తొడిగారు. లోపలి చట్రం మాత్రం ఉక్కుదే! రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు... అచ్చం టార్చిలైటు బ్యాటరీ లెక్క. మోనెల్ చెక్కుచెదరలేదు. దాన్ని ఆనుకున్న ఉక్కు హరించుకుపోయింది. ఎంతో కాలం గడవకుండానే ఓడ తుక్కుగా మారింది.

సముద్రం దగ్గర ఏది కట్టినా లోహం మంచిదేనా అని అడిగితే సరిపోదు. దాని పక్కన ఏముందో కూడా చూడాలి. మనుషుల విషయంలో మన పెద్దలు చెప్పే మాటే ఇది. సావాసం చూసుకోవాలి!