ముందు ఎవరు పలకాలి?

మావాడు ఇంజనీరింగ్ రెండో ఏడాది. సంక్రాంతి సెలవులకి వచ్చినన్నాళ్ళూ లాప్‌టాప్‌లో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు. "పండగపూట కూడా ఆటలేనా?" అని కసిరాను. "చెప్పినా నీకు అర్థం కాదులే అమ్మా" అన్నాడు. బీఏ చదివినదాన్ని, గుచ్చుకోదూ? "అవునులే, వంటింట్లో పడుండేదాన్ని, నాకేం తెలుసు!" అనేశాను. మర్నాడే హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోన్లన్నీ వాళ్ళ నాన్నకే.

పాత లాప్‌టాప్, పక్కనే ప్రింటు తీసిన కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి. ఓ మధ్యాహ్నం పనంతా అయ్యాక తెరిచాను. ఆట పేరు టీఐఎస్-100. జాక్‌ట్రానిక్స్ అనే సంస్థ 2015లో తెచ్చింది. చనిపోయిన ర్యాండీ అంకుల్ దగ్గరున్న పాత కంప్యూటర్ మన చేతికొస్తుంది. అది పాడైపోయింది, మనం బాగుచేయాలి. అంతే! బొమ్మల్లేవు, పరుగుల్లేవు. ఆ కాగితాల్లో ఆయన రాసుకున్న గుర్తులు చూస్తే, అమ్మ వంటల నోట్‌బుక్ అంచుల్లో రాసుకున్న కొలతలు గుర్తొచ్చాయి. వదల్లేకపోయాను.

తెర మీద పన్నెండు గదులుంటాయి. ఒక్కో గదిలో పదిహేను లైన్లకి మించి రాయకూడదు. పక్కగది నుంచి అంకె తీసుకోవాలి, ఏదో చేయాలి, ఇంకో గదికి అందించాలి. వచ్చిన అంకెని రెట్టింపు చేసి పంపే లెక్కకి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. అయ్యాక ఎగిరి గంతేశానంటే నమ్మండి!

మూడోరోజు యంత్రం కదలనే లేదు. తప్పెక్కడుందో ఎంతకీ దొరకలేదు. చివరికి చూద్దును కదా, పైగది కిందిగది చెప్పేదాని కోసం చూస్తోంది, కిందిగది పైగది చెప్పేదాని కోసం చూస్తోంది. రెండూ అలాగే కూర్చున్నాయి. ఎవరో ఒకరు ముందు పంపితే తప్ప ఎన్నేళ్ళైనా అంతే.

కాసేపు తెరవంక చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఫోన్ తీసి వాట్సాప్‌లో పెట్టాను: "రెండు గదులూ ఒకదాని కోసం ఒకటి చూస్తుంటే ఏం చేయాలి నాన్నా?" ఆ ఆటలో పంపిన గది కూడా అవతలిది అందుకునేదాకా ఆగాల్సిందే. నేనూ టిక్కులు నీలం అయ్యేదాకా ఆగాను.

వెంటనే ఫోన్ మోగింది.

"అమ్మా! నువ్వు ఆడుతున్నావా? రెట్టింపు లెక్క ఎన్ని లైన్లలో చేశావ్?"

చెప్పాను. నవ్వాడు. "నావి నీకన్నా రెండు ఎక్కువ" అన్నాడు.

కాస్సేపాగి, "ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"నేనూ" అన్నాడు.