మూసిన తూములో పారిన నీరు



గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి నీటిని గూర్చి కొత్తగా చెప్పవలసినది తక్కువ. 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరము ఆనకట్ట స్థానమున నేడు కాటన్ దొర పేరనే బ్యారేజి ఉన్నది. అచ్చటినుండి మధ్య డెల్టాకు నీరు వదలు తలుపులు మా ఆత్రేయపురము మండలములోని బొబ్బర్లంక యొద్దనే ఉన్నవి. తలుపు ఎత్తినప్పుడు నీరు పారుట ఎంత అవసరమో, దించినప్పుడు ఆగుటయు అంతే అవసరమని మేము చిన్ననాటనే నేర్చుకొంటిమి.

బట్టలుతుకు యంత్రమును గూర్చి వ్రాయబూని కాలువ మాట ఎత్తుటకు కారణమున్నది. ఈ యంత్రము ఇప్పుడు మన పల్లెలలో అనేక గృహములలో కనబడుచున్నది. దూరదేశములో కష్టపడు కుమారుడు, తల్లి చేతులకు విశ్రాంతి కలుగవలెనని పంపిన డబ్బుతో కొన్నవి వానిలో కొన్ని. అట్టిది చెడినప్పుడు కలుగు నష్టము డబ్బుతోనే పోదు. ఒక్కొక్కప్పుడు ఒక మనిషి మంచిపేరు కూడ దానిలో మునుగును.

మా వీధిలోని ఒక ఇంట అట్లే జరిగినది. తెల్లవారి లేచి చూడగా, రాత్రి ఎవరును ముట్టని యంత్రములో తొట్టె నిండ నీరు. మొదటి దినమున ఎవరో మరచిరి అనుకొనిరి. రెండవ దినమున కోడలు మరచినది అనుకొనిరి. మూడవ దినమున అత్తగారు నలుగురి యెదుట, "మీట కట్టకుండా పడుకుంటావు. ట్యాంకులో నీళ్లన్నీ పోతున్నాయి, నీకు లెక్కే లేదు" అనెను. "నేను కట్టే పడుకున్నానండి అత్తయ్యా" అని ఆ పిల్ల చెప్పినది. తొట్టెలో నీళ్లు కనబడుచుండగా ఆ మాట ఎవరు నమ్ముదురు? బాగుచేయుటకు వచ్చిన మెకానిక్కు పైపైన చూచి, లోపలి బోర్డు పోయినదనియు, కొత్తది వేయవలెననియు వేలల్లో ధర చెప్పి వెళ్లెను.

అప్పుడు వారు నన్ను పిలిచిరి. నేను యంత్రముల చదువు చదివినవాడను కాను. మా తండ్రి కాలువ మీద లస్కరు. ఆయన వెంట తిరిగి చూచినదే నా చదువు. మూసిన తూములో రాత్రి నీరు పారినదని రైతులు ఒకరిమీద ఒకరు కేకలు వేసికొనుచు వచ్చినప్పుడు, తలుపు ఎవరెత్తిరని ఆయన ముందుగా అడిగెడివాడు కాడు. గట్టుమీద బోర్లపడుకొని తలుపు అడుగున గడకర్రతో తడిమెడివాడు. తరచుగా అక్కడ తాటిమట్ట ముక్కయో, ఇటుక బెడ్డయో చిక్కుకొని ఉండెడిది. తలుపును ఎవరును ఎత్తలేదు. అయినను నీరు పారినది.

కనుక ఆ ఇంట నేను తొట్టె ఖాళీ చేయించితిని. యంత్రమును ఆపి, ప్లగ్గును గోడనుండి పూర్తిగా తీయించితిని. నీటి కుళాయి మాత్రము తెరచియుంచి, అందరిని అక్కడనే కూర్చుండుమంటిని. కరెంటు లేని యంత్రమునకు ఎవరు ఆజ్ఞ ఇయ్యగలరు? కోడలు ఇయ్యలేదు, బోర్డును ఇయ్యలేదు. కొంతసేపటికి తొట్టెలోనికి బొట్టుబొట్టుగా, పిమ్మట సన్నని ధారగా నీరు దిగినది. అత్తగారు ఆ ధారను చూచి, కోడలివైపు చూచి, ఏమియు అనలేదు. తానే లేచి లోపలికి పోయి కాఫీ పెట్టి తెచ్చి, మొదటి గ్లాసు కోడలి చేతికి ఇచ్చెను.

దీని మర్మము తెలిసికొనుట కష్టము కాదు. కుళాయి గొట్టము యంత్రమును చేరుచోట ఒక చిన్న వాల్వు ఉన్నది. దానిలో ఒక రబ్బరు పొర దారికి అడ్డముగా కూర్చుండును. ఆ పొరకు సూదిమొనంత రంధ్రముండును. ఆ రంధ్రముగుండ వెనుకకు చేరిన నీరే పొరను అదిమి దారిని మూయును. కరెంటు వచ్చినప్పుడు తీగచుట్ట ఒక చిన్న ఇనుప పుల్లను లాగగా, ఆ ఒత్తిడి తొలగి, పొర లేచి నీరు పారును. కరెంటు పోగానే పుల్ల దిగి, పొర మరల కూర్చుండును. పొర క్రింద ఇసుక రేణువు చేరినను, సన్నని రంధ్రము ఒండ్రుతో పూడినను, రబ్బరు ముదిరి చిట్లినను తలుపు సరిగా పడదు. ట్యాంకు మరీ తక్కువ ఎత్తున ఉన్నచోట, పొరను అదుముటకు ఒత్తిడి చాలక కూడ నీరు కారవచ్చును.

మీ ఇంట ఇట్టిది జరిగినయెడల వరుసగా చూడవలసినవి మూడు. మొదట, నేను చెప్పినట్లు ప్లగ్గు తీసి, కుళాయి తెరచి చూడుడి. నీరు దిగినయెడల దోషము వాల్వులోనే ఉన్నది, బోర్డు కొనవద్దు.

రెండవది, ప్లగ్గు తీయగానే నీరు ఆగి, నడిపినప్పుడు మాత్రము హద్దుమీరి నిండుచున్నయెడల, గాలిగొట్టమును చూపించుడి. తొట్టె అడుగునుండి పైకి ఒక సన్నని గొట్టము పోవును. నీరు పెరిగిన కొలది అందలి గాలి అదమబడి, ఇక చాలునని పైనున్న మీటకు తెలుపును. ఆ గొట్టము ఊడినను, చిల్లిపడినను, మురికితో పూడినను, తొట్టె నిండిన సంగతి యంత్రమునకు తెలియదు. గొట్టము బాగున్నదని తేలిన తరువాతనే మీటను, బోర్డును అనుమానింపవలెను.

మూడవది, కుళాయి గట్టిగా కట్టినను తొట్టెలో నీరు చేరుచున్నయెడల, అది మురుగు గొట్టమునుండి వచ్చుచున్నది. వరద దినములలో మురుగుకాలువ వెనుకకు తన్నుట మనము ఎరుగుదుము. ఇంటి తూము పూడినప్పుడు ఇదియు అట్లే. నీటి రంగును వాసనను బట్టి దానిని గుర్తింపవచ్చును. తూము శుభ్రము చేయించి, గొట్టము కొసను ఎత్తున కట్టవలెను.

ఆ ఇంటి వాల్వు మూతియొద్ద ఉండవలసిన చిన్న జల్లెడ చిరిగియుండెను. ట్యాంకు అడుగున ఒండ్రు పేరియుండెను. ట్యాంకు కడిగించి, వాల్వు మార్పించిరి. బోర్డుకు చెప్పిన ధరలో అది కొద్ది భాగమే అయినది. ఈ జల్లెడను మీరే అప్పుడప్పుడు కడుగవచ్చును. ముందు ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, గొట్టము విప్పి, పాత పళ్లబ్రష్షుతో తోమిన చాలును. వాల్వును విప్పు పని తెలిసినవారికే వదలుడి. దానికి వచ్చునది ఇంటి కరెంటే, 230 వోల్టులు. నేల తడిసియున్నప్పుడు యంత్రమును ముట్టకుడి. ముందు మెయిను స్విచ్చి కట్టుడి. ఉతుకుట ముగియగానే ప్రతిదినము కుళాయి కట్టు అలవాటు చేసికొనుడి. వాల్వు ఏ రాత్రి మోసము చేసినను అప్పుడు ఇల్లు తడవదు.

నేను చెప్పిన మొదటి పరీక్షకు పట్టునది అరగంట. దానికి ఖర్చు లేదు. ఆ అరగంట ఓర్చుకొనుడి. అంతవరకు ఇంటిలో ఎవరి పేరును ఎత్తకుడి.