రామతీర్థంలో మా బళ్ళ సాల

విజయనగరంలో బస్సెక్కి నెల్లిమర్ల దాటాక కిటికీలోంచి చూస్తే, పొలాల వెనకాల చెట్టూ చేమా లేని నల్లటి రాతి కొండ కనిపిస్తుంది. అదే బోడికొండ. దాని పాదాల దగ్గర రామతీర్థం. విజయనగరానికి 12 కిలోమీటర్లే. మా అత్తవారి ఊరు.

కింద రాముడి గుడి, పక్కనే శివుడి గుడి. విగ్రహాలు నీటిలో దొరికాయి గనక రామతీర్థం అన్న పేరొచ్చిందని పెద్దవాళ్ళు చెబుతారు. బోడికొండ మీద కోదండరాముడి గుడి ఉంది. 2020 డిసెంబరులో అక్కడి విగ్రహాన్ని ధ్వంసం చేశారని తెలిసిన రోజు మా వీధిలో పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు ఎవరికీ. 2022 ఏప్రిల్‌లో కొత్త గుడి కట్టి మళ్ళీ ప్రతిష్ఠ చేశారు. ఓపికుంటే గురుభక్తులకొండ ఎక్కండి, బౌద్ధుల విహారాల ఇటుక గోడలున్నాయి. దుర్గకొండ మీద జైనుల విగ్రహాలు, వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడి నాటి శాసనం ఉన్నాయి. అంటే వెయ్యేళ్ళ కిందటిదన్నమాట. వచ్చినవాళ్ళందరూ ఇవి చూసే వెళతారు. నేను మాత్రం ఎవరూ చూడని చోటికి తీసుకెళతాను. మా ఇంటి పక్కనున్న బళ్ళ సాలకి!

మీ ఇంట్లోనూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. పట్నంలో అయితే కారు షెడ్డంటారు. పేరుకి కారుది, ఉండేది మాత్రం సామాను. మా సాలలో ఒకప్పుడు రెండెడ్ల బళ్ళు ఉండేవి. ఎడ్లు పోయాయి, మావయ్యగారూ పోయారు. సామాను మాత్రం పోలేదు. నాగళ్ళు, కాడి, విరిగిన బండి చక్రాలు, గోగునార కట్టలు, జూట్ మిల్లు గోనె సంచులు, 2014 హుద్‌హుద్ తుపానుకి పైకప్పు లేచిపోయి రేకులు వేయించినప్పుడు మిగిలిన పెంకులు, మా అబ్బాయి మూడు చక్రాల సైకిలు... ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అన్న ఒక్క మాట మీద ఎనిమిదేళ్ళుగా పేరుకున్నాయి. మా కారు ఆ గుమ్మం దగ్గర సగం లోపల, సగం బయట ఉండేది. ఆ గోనెల్లో కాపురం పెట్టిన ఎలకలు కారు వైర్లు కొరికేశాయి. ఒకసారి కాదు, రెండుసార్లు. మెకానిక్కు చేతిలో డబ్బు పెట్టి వచ్చిన మా ఆయన, “ఈ సంక్రాంతికి సాల ఖాళీ అవ్వాలి. పనికిరానివన్నీ భోగి మంటలోకి!” అన్నారు.

ఆ పని నా మీద పడింది. మీకు పనికొస్తుందని ఎలా చేశానో చెబుతాను. ఒక్క పూటలో అయిపోతుందనుకోకండి, నాకు నాలుగు రోజులు పట్టింది. పొద్దున్నే ఎండ లోపలికి పడ్డాకే మొదలుపెట్టండి. గోనెల కింద చెయ్యి పెట్టకండి, కర్రతో కదిపి చూడండి. నాకు మొదటి రోజే రెండు తేళ్ళు కనిపించాయి. కాళ్ళకి బూట్లుంటే మంచిది, మా అబ్బాయి క్రికెట్ బూట్లు వేసుకున్నాను, వీధంతా నవ్వారు. ప్రతిదీ కళ్ళంలోకి మోసి ఎండలో పరిచాకే ఉంచాలా, తీసెయ్యాలా అన్న ఆలోచన. లోపలే నిలబడి ఆలోచిస్తే అన్నీ అవసరమే అనిపిస్తాయి. పాత పురుగుమందు డబ్బాలుంటే కడిగి వాడుకోకండి. వాటిల్లో ఉప్పూ పప్పూ పోసుకునేవాళ్ళని చూశాను, వద్దమ్మా. టైర్లు, ప్లాస్టిక్కు భోగి మంటలో వేయకండి. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

మళ్ళీ సర్దేటప్పుడు ఏదీ నేల మీద నేరుగా పెట్టలేదు. ఇటుకలు పేర్చి, వాటి మీద పాత తలుపు చెక్క వేసి, గోడకి జానెడు ఎడంగా పెట్టాను. చీపురు దూరుతుంది, పిల్లి తిరుగుతుంది, ఎలక గూడు కట్టదు. నాగలి, కాడి గోడకి మేకులు దిగ్గొట్టించి పైన తగిలించాను. బుడితిలో కొన్న రెండు పెద్ద గంగాళాలు చింతపండు, బూడిద వేసి తోమితే మా అత్తగారి ముఖం వాటిలో కనిపించింది.

ఆ ముఖం గురించే చెప్పాలి మీకు.

ఆవిడకి ఎనభై దాటాయి. నాలుగు రోజులూ అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది. చక్రాలు పాత సామానువాడికి ఇచ్చేసినా ఏమీ అనలేదు. మూలనున్న ఈతాకు చాపల కట్ట బయటికి తెచ్చినప్పుడు మాత్రం, “అవి ముట్టకమ్మా” అంది. ఇరవై చాపలు. పద్నాలుగింటికి చెదలు పట్టాయి. చేత్తో పట్టుకుంటే పొడి రాలుతోంది. చెదలున్న వస్తువు మళ్ళీ లోపల పెడితే నేను చేసిన పనంతా బూడిదలో పోసినట్టే కదా! ఆవిడ పడుకున్నాక ఆ పద్నాలుగూ భోగి కుప్ప మీద వేసేశాను. తెల్లారగట్ల మంట వేశారు. ఎండుటాకు కదూ, భగ్గుమన్నాయి. ఆవిడ వచ్చి చలి కాచుకుంటూ మంటలోకి చూసింది. గుర్తుపట్టింది. ఒక్క మాటా అనలేదు. ఆ రోజే కాదు, పండగ మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. పెద్దపండగ నాడు నేను వండిన గారెలు ముట్టలేదు.

కనుమ మర్నాడు నేనే కాళ్ళ దగ్గర కూర్చున్నాను. “ఏటత్తా, చాపలకేనా ఇంత కోపం?” అన్నాను.

“చాపలకేటి. శివరాత్రికి జనం వస్తే ఎక్కడ తొంగుంటారు?” అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు చూశాను. శివరాత్రికి రామతీర్థంలో పెద్ద జాతర. రాముడి ఊళ్ళో శివరాత్రి ఏమిటని అడగకండి, అదే ఇక్కడి గొప్ప. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి కూడా జనం వచ్చేవారు. ఆ సాయంత్రం మావయ్యగారు బళ్ళు రెండూ వీధిలోకి తోసేసి, సాల కడిగించి, చాపలు పరిపించేవారు. ఎవరో, ఏ ఊరో అడిగేవారు కాదు. గంగాళం నిండా నీళ్ళు, మర్నాడు పొద్దున్న ఇంకో గంగాళం నిండా గంజి. మావయ్యగారు పోయాక మేం విజయనగరంలో ఉండిపోయాం, సాల సామానుకి వదిలేశాం. ఈవిడ మాత్రం ఏటేటా ఆ చాపలు దులిపి, మళ్ళీ కట్టి పెడుతోందని నాకు తెలీదు.

మొన్న శివరాత్రికి మా ఆయన కారు తీసి వీధిలో పెట్టారు. నేను చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. సాల కడిగి, మిగిలిన ఆరు చాపలు పరిచాం. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇప్పుడు అందరికీ ఆటోలు, మోటారు సైకిళ్ళు. దర్శనం చేసుకుని రాత్రికి రాత్రే వెళ్ళిపోతున్నారు. తొమ్మిదయింది, పదయింది. ఎవరూ రాలేదు. “లోపలికి రా అత్తా, మంచు పడుతోంది” అంటే కదల్లేదు. నాకు ఆ చాపలు కాలిన మంటే కళ్ళ ముందు ఆడుతోంది.

పదకొండు దాటాక చీపురుపల్లి వైపు వాళ్ళట, ఇద్దరు ఆడవాళ్ళు, ముసలాయన, నిద్ర తూగుతున్న నలుగురు పిల్లలు వచ్చారు. బస్సు తప్పిపోయింది. “అమ్మా, ఈ అరుగు మీద కాసేపు పడుకోనిస్తారా?” అని అడిగారు. “అరుగేటి, లోపలికి రండి” అని ఆవిడ లేచిన వేగం చూస్తే ఎనభై ఏళ్ళంటే నమ్మరు. తర్వాత ఇంకో ఇద్దరు, ఆ తర్వాత ఒక ముసలమ్మ. మొత్తం పదిమంది. ఆరు చాపలు చాలలేదు. మా దుప్పట్లు, చివరికి కారు మీద కప్పే కవరు కూడా పరిచాం.

తెల్లారి గంజి పోస్తూ అత్తగారు మెల్లిగా అంది, “వచ్చే ఏటికి పద్నాలుగు చాపలు కొను.” లెక్క మరిచిపోలేదు చూశారా! కొంటాను. ఈసారి నేల మీద కాదు, దూలానికి తాడు కట్టి వేలాడదీస్తాను.